తెర తీసినప్పుడు నేను లేను

మా అప్ప కూతురి పెళ్లి వీడియోను నేను ఇప్పటికీ పూర్తిగా చూడలేదు. అక్కను అప్ప అనడం మా ఇంట్లో అలవాటు. జీలకర్ర బెల్లం పెట్టించి అడ్డుతెర తీసేటప్పుడు, వీడియోలో అప్ప తల తిప్పి ఎవరికోసమో వెతుకుతుంది. వెతికింది నన్నే. ఆ సమయానికి నేను తగరపువలసలోని ఆ కల్యాణ మండపం వెనక, బాత్రూము ముందు వరుసలో మూడో మనిషిని.

అప్ప ఊరు పద్మనాభంలో, ఆమె పొలానికి వెళ్తే ఆ పిల్ల నా చంకలోనే పెరిగింది. పెళ్లిపీటల దగ్గర పక్కనే ఉంటానని దానికి మాటిచ్చాను.

అప్పటికి రెండేళ్లుగా నాది అదే అవస్థ. ఉన్నట్టుండి మూత్రం తోసుకొచ్చేది. ఉక్కునగరంలో మా క్వార్టరు తాళం తీసేలోపే ఒక్కోసారి చీర తడిసిపోయేది. బయటికి వెళ్లాల్సిన రోజు పొద్దుటి నుంచి నీళ్లు ముట్టేదాన్ని కాదు. ఒకసారి గాజువాక దాటాక బస్సులోనే అయిపోయింది. సీటు తడి కనబడకుండా చివరి స్టాపు దాకా కూర్చుండిపోయాను. అంతే, అప్ప ఇంటికి వెళ్లడం మానేశాను. ఫోన్లో మా ఆయనకు స్టీల్ ప్లాంటులో షిఫ్టు మారిందనో, ఒంట్లో నలతగా ఉందనో చెప్పేదాన్ని. అప్ప వంటింటి గడప మీద కూర్చుని ఊరి కబుర్లు వినడం నాకెంత అవసరమో మానేశాకే తెలిసింది. మధ్యాహ్నాలు పనిలేనప్పుడు ఆమె గొంతు గుర్తు చేసుకుంటూ కూర్చునేదాన్ని.

పెళ్లయిన నెలకు అప్ప చెప్పకుండా మా ఇంటికి వచ్చింది. చెప్పులైనా విడవలేదు.

"ఏటే, క్వార్టర్సులో ఉంతన్నావని గొప్పా? తెర తీసినప్పుడు ఎక్కడికెల్లిపోయావు? పిన్నేదని పిల్ల అడిగితే నానేటి సెప్పాలి?"

నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే అంతా చెప్పేశాను. అప్పుడు అప్ప చెప్పులు విడిచింది. తర్వాత నా పక్కన కూలబడింది.

"నాక్కూడా సెప్పుకోలేని ఇసయవా ఇది? దీనికి మందు నేదేటి? రేపే డాక్టరు కాడికి ఎల్దాం."

మర్నాడు లేడీ డాక్టరు దగ్గరికి వెళ్లాం. నా బదులు అప్పే విషయం మొదలుపెట్టింది. పరీక్షల్లో ఇన్ఫెక్షన్ లేదు, షుగరు లేదు. మూత్రాశయం నిండకముందే బిగుసుకుంటోందని, చాలామంది ఆడవాళ్లకు ఉండేదేనని ఆవిడ చెప్పింది. "ఇన్నాళ్లు ఎందుకు దాచారమ్మా?" అని అడిగింది.

నీళ్లు మానొద్దంది, టీ తగ్గించమంది. బాత్రూముకి ఎప్పుడెప్పుడు వెళ్తున్నానో పుస్తకంలో రాయమంది. తొందర పుట్టగానే పరుగెత్తకుండా ఆగి, కింది కండరాలు బిగబట్టి, అది తగ్గాక వెళ్లాలి. మొదట గంటకోసారి వెళ్లి, తర్వాత కొద్దికొద్దిగా ఆ వ్యవధి పెంచుకోవాలి. ఆవిడ రాసిచ్చిన మాత్ర వేసుకుంటే నోరు పిడచకట్టుకుపోయేది. మొదటి నెల ఏమీ మారలేదు, మానేద్దామనుకున్నాను. అప్ప మాత్రం రోజూ ఫోన్ చేసేది.

"ఇయ్యాల ఎంతసేపాగేవే?"

"గంటన్నర."

"మరింకేటి! నువ్వు బస్సెక్కినావంటే నానొచ్చి స్టాపులో నిలబడతాను."

ఐదో నెలలో ఎక్కాను. బస్సు మారేటప్పుడు బస్టాండులో ఒకసారి వెళ్లొచ్చాను. ఆనందపురం దగ్గర మళ్లీ తొందర పుట్టింది. పాదాలు నేలకు అదిమి, బిగబట్టి, కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి తగ్గింది. పూర్తిగా నయమైందని చెప్పను. ఇప్పటికీ ఎక్కడికెళ్లినా ముందు బాత్రూము ఎక్కడుందో చూసుకుంటాను.

అప్ప అన్నట్టే స్టాపులో నిలబడి ఉంది. ఇంటికెళ్లేసరికి పిల్ల గది ఖాళీగా ఉంది. పెళ్లయ్యాక భర్త ఉద్యోగం ఉన్న ఊరు వెళ్లిపోయింది. అప్ప ఫోను కలిపింది. తెర మీద దాని ముఖం కొంచెం చిక్కినట్టు కనిపించింది.

"పిన్నీ, వొచ్చేవా! నానున్నప్పుడు రావేటి?"

నవ్వుతూనే అంది. ఈసారి అది వచ్చినప్పుడు వారం రోజులు ముందే వచ్చి ఉంటానన్నాను. అది ఎప్పుడొస్తుందో ఇంకా తెలియదు. ఫోను పెట్టేశాక దాని మంచం మీద కూర్చున్నాను. భోజనానికి అప్ప రెండుసార్లు పిలిచినా లేవబుద్ధి కాలేదు.