అట్ట గొట్టం ఆర్విల్

ఆర్విల్ వాండెహై గురించి చెడ్డ మాటలు చెప్పమంటే నేను ఆలోచించే పనే లేదు. ఏకబిగిన సాయంత్రం దాకా చెప్పగలను. ముప్పై ఒక్క ఏళ్ళు స్కూలు బస్సు తోలాను, మొండి పిల్లల్ని చాలామందిని చూశాను. డెబ్బై ఎనిమిదేళ్ళ మొండి పిల్లాణ్ణి మాత్రం మా టెలిస్కోపుల క్లబ్బులోనే చూశాను.

మా ఊళ్ళో పుట్టినవాడు ఉద్యోగం వెతుక్కోనక్కర్లేదు. ఫాక్స్ నది ఒడ్డున కాగితం మిల్లు ఉంది. ఆర్విల్ పద్దెనిమిదో ఏట అందులో చేరాడు, మెషీన్ల రొదకి సగం చెవుడు తెచ్చుకుని అరవై రెండో ఏట బయటికొచ్చాడు. మిల్లువాళ్ళు అతనికి గోడ గడియారం ఇచ్చారు. అది ఎక్కడుందో అతనికే తెలీదు. అతను ప్రాణంగా దాచుకున్నవి వేరే ఉన్నాయి. పెద్ద కాగితపు చుట్టల మధ్యలో ఉండే దళసరి అట్ట గొట్టాలు. మిల్లు పారేసే వాటిలోంచి మనిషి నడుమంత లావున్న గొట్టాన్ని ఏరుకొచ్చి, దానికి నల్ల రంగు పూసి, అడుగున అద్దం బిగించి, ఇదే టెలిస్కోపు అన్నాడు.

ఆ అద్దం కొన్నది కాదు, అరగదీసింది. రెండు గాజు పలకల మధ్య గరుకు పొడి వేసి, నీళ్ళు చల్లి, ఒక పీపా మీద పెట్టి, చుట్టూ తిరుగుతూ రుద్దాలి. రెండు చలికాలాలు నేలమాళిగలో అలా తిరిగాడు. అతని భార్య ఆర్లీన్ ఇప్పటికీ అంటూంటుంది: "పెళ్ళికి ముందు నా చుట్టూ కూడా ఇన్నిసార్లు తిరగలేదు ఈ మనిషి. తిరిగుంటే అప్పుడే విసుగొచ్చి వద్దనేదాన్ని, బతికిపోయేదాన్ని."

ఆర్విల్ ఆ గొట్టాన్ని మొదటిసారి క్లబ్బుకి మోసుకొచ్చిన రోజు మా క్లబ్బు పెద్దాయన హెర్మన్ బతికే ఉన్నాడు. హెర్మన్ ప్లంబరు. ఆయన టెలిస్కోపు ఇనప పైపు, లేపాలంటే ఇద్దరు మనుషులు, ఒక నడుం నొప్పి. ఆయన ఈ అట్ట గొట్టాన్ని వేలితో కొట్టి చూసి, "బాగుందబ్బాయ్. వానకి నానితే గంజి తాగొచ్చు" అన్నాడట. ఆర్విల్ ఆ మాట ఏళ్ళ తరబడి మర్చిపోలేదు. ఆ బాధ పడ్డవాడు ఇంకొకణ్ణి అనడనుకుంటాం కదా? అదే మన తెలివితక్కువతనం. హెర్మన్ పోయిన వారానికే ఆర్విల్ ఆయన కుర్చీ ఎక్కి కూర్చున్నాడు, ఆయన నోరుతో సహా.

ఎవరో చెక్కతో డబ్బా చేసుకొస్తే, "అలమరా బాగుంది, తలుపులేవీ?" అన్నాడు. అల్యూమినియం కడ్డీలతో కట్టుకొస్తే, "నా బనీన్లు కూడా ఆరేసుకోవచ్చా?" అన్నాడు. మా గిల్ కంప్యూటరుకి తగిలించిన మెషీన్లో ప్లాస్టిక్ ముక్కలు పోతపోసి టెలిస్కోపంతా వాటితోనే చేస్తే, దాన్ని ఎత్తి పట్టుకుని, "దీంతోపాటు పిల్లల బర్గర్ కూడా వస్తుందా, బొమ్మ ఒక్కటేనా?" అని అడిగాడు. గిల్ పోస్టుమ్యాన్, కుక్కలతో వేగినవాడు. "నీ దాంట్లో ఎలకలు వస్తాయిగా ముసలోడా, అవి చాలు" అన్నాడు. మా క్లబ్బులో ప్రేమలు ఇలాగే ఉంటాయి.

ఈ వసంతంలో మాకు కొత్త సభ్యుడు దొరికాడు. కర్టిస్ ఓల్మ్, పళ్ళ డాక్టరు. చక్కగా మాట్లాడతాడు, ఎవర్నీ ఏమీ అనడు. అదొక్కటే అతనిలో లోపం. అతను గాలం కర్రలకి వాడే కార్బన్ ఫైబర్‌తో చేసిన గొట్టం ఉన్న పెద్ద టెలిస్కోపు తెచ్చి, క్లబ్బుకే ఇచ్చేస్తానన్నాడు. ఇబ్బందల్లా మా షెడ్డుతోనే. కప్పు పట్టాల మీద పక్కకి జరిగే చిన్న షెడ్డు అది, పెద్ద టెలిస్కోపు ఒకటే పడుతుంది. ఇరవై ఆరేళ్ళుగా అందులో ఉన్నది ఆర్విల్ అట్ట గొట్టం.

"గాలం కర్ర" అన్నాడు ఆర్విల్ కొత్తదాన్ని చూసి. "దీంతో చేపలు పడతాయేమో కానీ గ్రహాలు పడవు."

"ఒకసారి చూడండి ఆర్విల్, మీకే తెలుస్తుంది" అన్నాడు కర్టిస్ మర్యాదగా.

అలా పోటీ కుదిరింది. చంద్రుడి మీద ప్లేటో అని నున్నటి అడుగున్న పెద్ద గుంట ఉంది. ఆ అడుగున ఆవగింజలంతేసి చిన్న గుంటలుంటాయి. ఏ టెలిస్కోపులో ఎక్కువ కనిపిస్తే దానికే షెడ్డు. మా పద్ధతి ఒకటుంది. చూసినవాడు నోరెత్తకూడదు. కనిపించింది పెన్సిలుతో గీసి, కాగితం బోర్లా పెట్టాలి. అందరూ గీశాకే తిప్పాలి. మాట్లాడనిస్తే పక్కవాడు చూసినవన్నీ మనకీ కనిపిస్తాయని హెర్మన్ పెట్టిన పద్ధతి అది.

పోటీకి ముందురోజు శుక్రవారం. అందరం ఎప్పటిలా వేయించిన చేపలు తినడానికి హోటల్లో చేరాం. ఆర్విల్ చేప ముట్టలేదు, బ్రాందీ ముట్టలేదు, ఎవర్నీ ఏమీ అనలేదు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను.

"షెడ్డులోంచి తీసేస్తే దాన్ని ఎక్కడ పెట్టను వెర్నా?" అన్నాడు నాతో మెల్లగా. అంటే సగం హోటలుకి వినపడేలా. "ఆర్లీన్ గరాజులో చోటు లేదంది."

"పోటీ ఇంకా కాలేదుగా."

"అక్కడుంటే నేను పోయాక కూడా ఎవడో ఒకడు దాన్ని తిడుతూ వాడతాడు. ఇంటికి తెస్తే ఆకులు పోసుకునే డబ్బా అవుతుంది."

నేను అతని చేపల పళ్ళెం అతని ముందుకి జరిపాను.

శనివారం సాయంత్రం సూర్యుడు దిగుతూండగానే చేరాం. చంద్రుడు అప్పటికే నడినెత్తిన ఉన్నాడు, సగం కంటే కాస్త ఎక్కువ. అట్ట గొట్టాన్ని అటు తిప్పడానికి నేను వంగి దాని అడుగు పట్టుకున్నాను. గుప్పున నిమ్మకాయ వాసన వచ్చింది. గిన్నెలు తోముకునే సబ్బు వాసన.

టెలిస్కోపు అద్దాన్ని తుడవకూడదు. గాజు మీద ఉండే వెండి రంగు పూత ఉల్లిపొర కంటే పలచన. "దుమ్ము ఉన్నా పర్లేదు, గుడ్డ తగిలితే అంతే సంగతులు" అని మా అందరికీ నేర్పింది ఆర్విలే. ఒకసారి గిల్ అద్దం మీద ఊదాడని నెల రోజులు వాడితో మాట్లాడలేదు. నేను తలెత్తి చూశాను. ఆర్విల్ తన బూట్ల వంక చూస్తున్నాడు.

ముందు అట్ట గొట్టంలో చూశాం. చంద్రుడి మీద పాలు ఒలికినట్టుంది. ప్లేటో అడుగున ఏమీ లేదు, ఉత్త బూడిద రంగు. తర్వాత కర్టిస్ దాంట్లో చూశాం. ఆ సంగతి చెప్పడం నాకిష్టం లేదు కానీ, సూదితో గుచ్చినట్టు నాలుగు గుంటలు.

ఆర్విల్ అందరికంటే ఆఖర్న గీశాడు. ఆ గుంటలు ఎక్కడెక్కడున్నాయో అతనికి కంఠతా వచ్చు. కళ్ళు మూసుకుని కూడా గీయగలడు, ఎవరూ కాదనలేరు. కాగితాలు తిప్పాం. కొత్తదాని కింద అందరూ నాలుగు గీశారు, గిల్ ఒక్కడే ఐదు గీశాడు. వాడెప్పుడూ అంతే. పాతదాని కింద ఆర్విల్ గీసింది ఖాళీ సున్నా.

"కొత్తదానికి షెడ్డు ఇద్దామన్నవాళ్ళు చేతులెత్తండి" అన్నాను. మొదట లేచింది ఆర్విల్ చెయ్యే.

చెయ్యి దించకుండానే చెప్పాడు. "నిన్న రాత్రి కడిగాను. భయమేసి. సబ్బు పెట్టి, వంటింటి తువ్వాలుతో తుడిచాను. పూత లేచొచ్చింది."

మా క్లబ్బు చరిత్రలో ఇంతటి అవకాశం ఎవరికీ రాలేదు. ముప్పై ఏళ్ళ బాకీ వడ్డీతో సహా తీర్చుకోవచ్చు. గిల్ నోరు తెరిచి, మూసేశాడు. నేను పెన్సిలు ముల్లు చూసుకున్నాను.

"పర్లేదండీ, ఎవరికైనా జరుగుతుంది" అన్నాడు కర్టిస్ ఎంతో దయగా.

ఆర్విల్ ముఖం నల్లబడింది. అందరి వంకా ఒక్కొక్కరినే చూశాడు. "ఏం, ఎవరూ ఏమీ అనరా? హెర్మన్ శవపేటిక దగ్గర తప్ప మీరింత మర్యాదగా ఉండటం నేను చూళ్ళేదు. నేనింకా బతికే ఉన్నానర్రా!"

అప్పటికి నాకర్థమైంది. జాలి చూపించి మేమే అతన్ని చంపేస్తున్నాం.

"చచ్చిపోయుంటే ఈపాటికి ఆ గొట్టంలోనే దూర్చేవాళ్ళం ఆర్విల్" అన్నాను. "భుజాలు కాస్త ముడుచుకుంటే సరిగ్గా పడతావు. వేరే పెట్టె ఖర్చు లేదు. అందులో సబ్బు కూడా నువ్వే ముందే పెట్టేశావు, మాకు స్నానం చేయించే పని తప్పుతుంది."



"మూత నేను చేసిస్తాను" అన్నాడు గిల్. "ప్లాస్టిక్‌ది. నీకే రంగు కావాలి?"

"ప్లాస్టిక్ మూత పెట్టావంటే లేచొచ్చి మరీ తంతాను వెధవా!" అని అరిచాడు ఆర్విల్. అరుస్తూనే నవ్వాడు, నవ్వుతూనే చొక్కా చేతితో ముక్కు తుడుచుకున్నాడు. కర్టిస్ కూడా నవ్వాడు, కాస్త భయంభయంగా. నేర్చుకుంటాడు.

అప్పుడు ఆర్విల్ మమ్మల్ని పక్కకి నెట్టుకుంటూ వెళ్ళి కొత్త టెలిస్కోపు ముందున్న స్టూలెక్కాడు. చాలాసేపు కన్ను తీయలేదు.

"ఆ నాలుగోదాన్ని చూసి పదకొండేళ్ళయింది వెర్నా" అన్నాడు, అటే చూస్తూ. "పూత ఎప్పుడో మాసిపోయింది. కొత్త పూతకి పంపితే నెలల తరబడి షెడ్డు ఖాళీగా ఉంటుంది. ఈలోగా ఎవడో ఒకడు ఏదో ఒకటి తెచ్చి పెడతాడని పంపలేదు. ఇన్నాళ్ళూ గుర్తున్నదే గీస్తూ వచ్చాను."

పదకొండేళ్ళ అతని బొమ్మలు మా క్లబ్బు పుస్తకంలో ఉన్నాయి. ప్రతి దాంట్లో నాలుగు గుంటలు, సరిగ్గా ఎక్కడుండాలో అక్కడ. మాకు తక్కువ కనిపిస్తే అతని కన్ను గొప్పదనుకునేవాళ్ళం. చూపు పోయినవాడిలా గుర్తుపెట్టుకుని గీశాడు, ఆ గొట్టం కదలకూడదని. నాకు కోపం రావాలి. రాలేదు.

మా వెనక లైన్లో ఆరుగురు నిలబడ్డారు. దోమలు మొదలయ్యాయి. పావుగంటయినా ఆర్విల్ దిగలేదు.

"ముసలోడా, మా వంతెప్పుడు?" అన్నాడు గిల్.

"ఇంకా బతికే ఉన్నానుగా," అన్నాడు ఆర్విల్, "ఆగండి."