పాస్‌బుక్కులో పేరు లేని రైతులు

మండపేటలో రైసు మిల్లు పక్క టీ కొట్టు దగ్గర నిలబడితే ధాన్యం ఉడికే ఆవిరి ముఖానికి కొడుతుంది. మొన్న అక్కడ నా పక్కనున్నాయన ఫోను మోగింది. “రైతు సోదరులకు నమస్కారం” అని రికార్డు చేసిన ఆడగొంతు. ఆయన వినకుండానే ఆపేశాడు. నాకు శారదాంబ గారు గుర్తొచ్చారు. ఆవిడ చేసిన పని ఏ రిపోర్టు అట్ట మీదా లేదు, అందుకే రాస్తున్నాను.

వ్యవసాయ శాఖలో రిటైరైన ఆవిడకి ఒక విదేశీ సంస్థ పని అప్పగించింది. ఫోనులో రైతులకి తాము పంపే సలహాలు ఎంత ఉపయోగపడుతున్నాయో తేల్చాలి. ఇంటింటికీ ఫారాలు పట్టుకు తిరిగేది నేను. నా చదువు ఇంటర్‌తో ఆగినా, మా ఊరి గ్రంథాలయంలో సర్వేల మీదున్న లావుపాటి పుస్తకం రెండుసార్లు చదివాననే గర్వం ఉండేది. ఆవిడ నన్ను ‘లైబ్రరీ గారూ’ అనేవారు. నెలాఖరుకి విదేశీ ప్రతినిధులు వస్తారనీ, పని నచ్చితే నన్ను పర్మనెంటు చేస్తారనీ చెప్పారు.

నా ఫారాల్లో దాదాపు అందరూ సందేశాలు చాలా బాగున్నాయన్నారు. శారదాంబ గారు ఒక కాగితం దగ్గర ఆగారు.

“ఈ రాజు గారు చేలో ఆఖరిసారి ఎప్పుడు దిగారండి?”

ఆయన రాజమండ్రిలో ఉంటారనీ, చేను కౌలుకిచ్చారనీ చెప్పాను.

“మరి వరికి పట్టే దోమ ఎక్కడ పడిందండీ, ఆయన డాబా మీదా?”

జాబితా భూమి పాస్‌బుక్కుల నుంచి తీసిందనీ, మధ్యలో మార్చకూడదని పుస్తకంలో ఉందనీ అన్నాను. ఆవిడ కోప్పడలేదు. “ఆ పుస్తకం రాసినాయనకి కౌలు తెలియకపోవచ్చు. మీకు తెలుసు కదండీ” అని ఫారాలు నా చేతికే తిరిగిచ్చారు.

రాజు గారి చేను చేసేది సత్తిబాబు. వరి మధ్యలో దోమ పట్టి గుండ్రంగా ఎర్రబడి మాడిన చోట్లు చూపించాడు. నీళ్ళు తీసేసి మొదళ్ళకి మందు కొట్టమన్న సందేశం పది రోజుల ముందే వచ్చింది కదా అన్నాను.

“ఫోనులో ఎవరో ఆడమనిషి మాట్లాడుతుందంట కదండీ. గొంతు బాగుంటుందని మా ఆసామి గారు చెప్పారు” అన్నాడు.

ఆ గొంతు ఏం చెప్పిందో మాత్రం ఆసామి చెప్పలేదు. ‘చాలా ఉపయోగం’ అని నేను రాసుకున్నది ఆయన మాటే.

మళ్ళీ అన్ని ఊళ్ళూ తిరిగాం. ఈసారి చేలగట్ల మీద. ప్రతినిధులు వచ్చినప్పుడు శారదాంబ గారు నన్నే చెప్పమన్నారు. భూమి ఉన్నవాళ్ళని అడిగాననీ, పంట వేసేవాళ్ళని అడగలేదనీ, తప్పు నాదేననీ చెప్పాను. వాళ్ళు మర్యాదగానే విన్నారు. అచ్చైన రిపోర్టులో కౌలు రైతుల సంగతి చివరి పేజీల్లోకి వెళ్ళింది. నన్ను పర్మనెంటు చేయలేదు.

బస్టాండులో శారదాంబ గారు, “ఉద్యోగం పోయిందని నా మీద కోపమా, లైబ్రరీ గారూ?” అన్నారు. కొంచెం ఉందండి అన్నాను. నవ్వి, టీ ఇప్పించారు.

ఆవిడ పోయి రెండేళ్ళు. ఇప్పుడు ఎరువుల కొట్లో పనిచేస్తున్నాను. మందు అడిగినవాళ్ళని ముందుగా, చేలో దిగేది ఎవరని అడుగుతాను.

శారదాంబ గారికి కృతజ్ఞతలు. గట్ల మీద కూర్చోబెట్టి నిజం చెప్పిన సత్తిబాబుకి, అప్పన్నకి, మరియమ్మకి, నూకరాజుకి కూడా. మొన్న టీ కొట్టు దగ్గర నేనడగ్గానే ఆ నంబరుకి తిరిగి ఫోన్ చేసి, తను ఆపేసిన సందేశం వినిపించిన వీర్రాజు గారికి కూడా. ఆయన ఫోను తిరిగిచ్చేసి, అక్కడే నిలబడి సత్తిబాబుకి ఫోన్ చేశాను.