కారా, విమానమా?

హైదరాబాదు నుంచి ఉదయగిరికి ఎంత దూరమని ఎవరైనా అడిగితే నాకు ఇప్పటికీ చిర్రెత్తుకొస్తుంది. ఫోనులో చూస్తే ఆకాశంలో ఒక లెక్క, రోడ్డు మీద ఇంకో లెక్క. రెండూ నిజమేనంటుంది. ఆ లెక్కలు నమ్మి నా తమ్ముణ్ణి ముంచాను.

ఎండాకాలంలో ఒకరోజు, తెల్లవారి నమాజు వేళ, మా ఆపా ఉదయగిరిలో మా ఇంట్లో పోయింది. ఆపా అంటే మా పెద్దక్క. అమ్మ పోయాక మమ్మల్నిద్దరినీ పెంచింది ఆమే. మాలో ఖననం ఆలస్యం చెయ్యరు. హైదరాబాదులో ఉన్న తమ్ముడు ఫోనులో ఏడుస్తూ, "అన్నా, కారా, విమానమా? నేను మొగం చూడాల," అన్నాడు. కారైతే ఎనిమిది గంటలని ఫోను చూపించింది. తిరుపతికి విమానం గంటా పది నిమిషాలే. ఇందులో ఆలోచించేదేముందని, "విమానం ఎక్కరా," అన్నాను.

మసీదు పెద్దాయన వచ్చి, "ఎంతసేపు చూద్దాం?" అని అడిగాడు. "మధ్యాహ్నం నమాజుకు వచ్చేస్తాడు," అన్నాను ధీమాగా.

తీరా చూస్తే వాడికి సీటు దొరికింది పన్నెండింటి విమానంలో. పైగా తిరుపతిలో దిగాక మా ఊరికి నాలుగైదు గంటల రోడ్డుందన్న సంగతి నా బుర్రకు తట్టనే లేదు. నేను ఎన్నిసార్లు తిరిగిన రోడ్డది! వేళ్ళు మడిచి లెక్కేస్తే ఒకసారి ఐదు వచ్చింది, ఇంకోసారి ఏడు. తల దించుకుని పెద్దాయన దగ్గరికి పోయి సాయంత్రం ఐదు దాకా గడువు అడిగాను.

"ఎండ చూస్తాండావు గదా. ఇంక మాట మార్చొద్దురా," అన్నాడు.

ఐదున్నరకి మేము ఖబరస్తానులో, తవ్విన గోరీ పక్కన ఉండగా తమ్ముడు ఫోను చేశాడు. "ఆత్మకూరు దాటినాను అన్నా. ఐదు నిమిషాలు ఉండమను." ఆత్మకూరు నుంచి ఐదు నిమిషాలా! గంట పైమాటే. వాడి మీద కోపమొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. పెద్దాయన నా వైపు తిరిగి, "నువ్వే చెప్పు. ఇంకెంతసేపు?" అన్నాడు. పొద్దుటి నుంచి చెప్పిన టైములు చాలనిపించింది. ఫోను జేబులో పెట్టేశాను.

"కానీయండి," అన్నాను.

వాడు చేరేసరికి అంతా అయిపోయింది. మూడు పిడికిళ్ళ మట్టి వేసి అక్కడే కూలబడ్డాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

పొద్దున్నే కారెక్కి ఉంటే రెండింటికల్లా వచ్చేవాడు, మొహం చూసేవాడు. ఆ లెక్క మర్నాటికి గానీ నాకు తేలలేదు. వాడికి చెప్పలేకపోయాను. వాడేమో పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళతో, "అన్న విమానం ఎక్కమన్న్యాడు కాబట్టి మట్టన్నా వేసినాను. కారైతే అదీ లేదు," అన్నాడు.

తర్వాత వాడు ఎన్నోసార్లు కారులో వచ్చాడు. పొద్దున ఆరింటికి బయల్దేరతాడు. ఒంటిగంటన్నరకి, మాకు అరగంట దూరంలో ఉన్న వరికుంటపాడు దాటినానని, అన్నం వడ్డించమని ఫోను చేస్తాడు. అయినా నలుగురిలో ఆపా మాటొస్తే ఇప్పటికీ, "కారైతే అదీ లేదు," అనే అంటాడు. తెలియక అంటున్నాడో, నాకోసం అంటున్నాడో నాకు అర్థం కాదు. అడిగే ధైర్యం లేదు.