వేడి చేయని గొట్టం

ఆ సాయంత్రం గొట్టాన్ని వేడి చేయకుండానే బాగేపల్లి బస్సెక్కాను. తప్పు అంతటితో ఆగి ఉంటే ఇన్నేళ్లు మోసేవాణ్ణి కాదు. దాని గురించి తర్వాత నేనన్న ఒక్క మాటే బరువు. మీకు చెబుతున్నాను.

చిక్కబళ్లాపురం దగ్గరి ఒక ప్రయోగశాలలో నేనూ, శిడ్లఘట్ట నుంచి వచ్చే పద్మా పరిశోధన చేసేవాళ్లం. ఉల్కలు చాలా ఎత్తున కాలిపోయినప్పుడు వాటిలోని మెగ్నీషియం ఆవిరై, అయాన్లుగా మారి, అక్కడి ఓజోన్‌తో కలుస్తుంది. ఎంత వేగంగా కలుస్తుందో కొలవడం పద్మ పని; నా పనీ ఆ పరికరం మీదే. ఉక్కు గొట్టంలో మెగ్నీషియం కడ్డీ మీద లేజర్ కొట్టి ఆ అయాన్లను పుట్టించేవాళ్లం. కడ్డీ మార్చడానికి గొట్టం విప్పితే లోపల తేమ పడుతుంది. మూసిన తర్వాత ఆ తేమ పోయేలా రాత్రంతా వేడి చేయాలి, లేకపోతే కొలతలు చెడిపోతాయి. ఆ రోజు మార్చింది నేను. మరచిపోయానా? లేదు. ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకున్నాను. పొద్దున పద్మకు చెప్పలేదు.

ఆ కడ్డీతో ఆమె తీసిన కొలతలన్నీ తప్పని తర్వాత తేలింది. అప్పటికే వాటిని ఒక సదస్సులో చదివి వచ్చింది. మా గైడు ఇద్దరినీ గొట్టం దగ్గరికి పిలిచారు. నన్ను చూసి, "రాడ్డు మార్చినాక వేడి చేసినారా?" అన్నారు.

"చేయలేదు సార్."

అబద్ధం కాదు. మన భాషలో ఆ మాటకు ఎవరు చేయలేదో చెప్పే పని లేదు. ఆ సందులో దాక్కున్నాను. కడ్డీ మార్చింది పద్మే అనుకుని సార్ ఆమె వైపు తిరిగారు.

"ఏమ్మా, మీ ఊర్లో తడి పట్టుగూళ్లు మార్కెట్టుకు తెస్తే ఎవరన్నా కొంటారా? నువ్వు సదస్సుకే ఎత్తుకపోయినావే."

ఆమె నన్ను చూసింది. నేను గొట్టంలో గాలి తోడే పంపు వైపు చూస్తూ నిలబడ్డాను. "చూసుకోవల్సింది నేనే సార్" అంది.

ఆమె ఫెలోషిప్ పొడిగించలేదు. ఇప్పుడు చింతామణిలో ఒక కాలేజీలో పీయూసీ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతోంది. నాకు డాక్టరేట్ వచ్చింది. ఆ రోజు భయంతోనే అలా అన్నానా? ఆమె పోతే ఆ పరికరం నాకొక్కడికే దక్కుతుందన్న ఆలోచన ఆ క్షణంలో లేదనీ, ఎప్పుడో తర్వాత వచ్చిందనీ నాకు నేను ఎన్నోసార్లు చెప్పుకున్నాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను.

నిన్న చింతామణి వెళ్లి, కాలేజీ గేటు దగ్గర ఆమెకు అంతా చెప్పాను.

"నాకు చెప్పి ఏం చేయల్లప్పా? నాకు తెలిసిందే గదా. యాడ చెప్పల్లో ఆడ చెప్పు పో" అంది. గంట కొట్టారు. లోపలికి వెళ్లిపోయింది.

అట్నుంచి అటే ప్రయోగశాలకు వెళ్లాను. "ఆ రోజు వేడి చేయనిది నేను సార్. పద్మ కాదు" అన్నాను. సార్ ఆమె నంబరు అడిగారు. నేనే కలిపి, ఫోను ఆయన చేతికిచ్చి బయటికి వచ్చాను. లోపల ఏం మాట్లాడుకున్నారో తెలియదు. మెట్ల మీద కూర్చున్నాను. చెప్పేశాను. అంతవరకే తేలిక.