అవ్వకు నిద్రగోలీ ఇచ్చిన రాత్రి

దయ్యాలు, గియ్యాలు నేను నమ్మ. ఎవరన్న చెప్తే ఎక్కిరించేటోన్ని. గిది నాకే జరిగింది గనుక చెప్తున్న.

తెలంగాణ కోసం బందులు నడుస్తున్న రోజులు. కాలేజీ మూతపడితే బచ్చన్నపేట దగ్గర మా ఊరికొచ్చిన. ఇంట్ల బాపు, మా నాయినమ్మ, నేను. నాయినను బాపు, నాయినమ్మను అవ్వ అంటం. అప్పట్ల బాయిమోటర్లకు కరెంటు రాత్రిపూటనే ఇచ్చేది. ఇంటెనక బాయికాడ బాపు మడికి నీళ్లు కడుతుంటే, అవ్వ వాకిట్ల మంచం మీద కూసోని మోటరు సప్పుడు వినేది. సప్పుడు ఆగితే బాపును చూసి రమ్మని నన్ను లేపి తోలేది.

ఏండ్ల సంది ఆమెకు కంటి మీద కునుకు లేదు. గదంతా రోగమనుకున్న. చదువుకున్నోన్ని గద! బందు లేని రోజు చూసి జనగామ దవాఖానకు తీస్కపోయి గోలీలు రాపిచ్చిన.

"నేను పంటె ఎవలు వింటరు బిడ్డా?" అన్నది.

"నేను వింట, నువ్వు పండుకో" అన్న.

ఆ రాత్రి గోలీ ఏసుకొని అవ్వ నోరు తెరిచి గురక పెట్టింది. పాపం, ఎన్నేండ్ల నిద్రనో అనుకున్న. కొద్దిసేపు మోటరు సప్పుడు విన్న. ఎప్పుడు కన్నంటిందో తెల్వదు.

ఎవరో నా కాలి బొటనవేలు పట్టి గుంజిండ్రు. అవ్వ గట్లనే లేపుతది. కండ్లు తెరిస్తే అవ్వ వాకిలి అవతలి మంచంల గురక పెడుతున్నది. కలనుకున్న. మోటరు వినపడుతలేదు. కరెంటు పోయిందేమో, బాపు వస్తడులే అని మర్లి పన్న. మళ్ల గుంజిండ్రు. దుప్పటి ముసుగేసుకున్న. ఆ తర్వాత ఎవరూ లేపలె.

తెల్లారి బాపు స్టార్టరు డబ్బా కింద పానం లేకుంట పడి ఉన్నడు. ఫ్యూజు ఏస్తుంటే షాకు కొట్టిందన్నరు. అవ్వను లేపటానికి పక్కింటోళ్లు మొకం మీద నీళ్లు సల్లాల్సి వచ్చింది.

ఆమె బాపు దిక్కు చూడలె. నా గదువ పట్టుకున్నది.

"రెండుసార్లు లేపిన గద కొడుకా. లేవకపోతివి."

రెండుసార్లని నేనెవలికీ చెప్పలె.

ఎనకట మనుషులు అడివిల గుంపుగ పండుకున్నప్పుడు ఒక్కరన్న కావలి ఉండాలె, ముసలోళ్లకు నిద్ర పలచగుండేది గందుకేనని తర్వాతెక్కడో చదివిన. చదివి మస్తు ఏడ్చిన. రాష్ట్రమొచ్చింది, పగటిపూట కరెంటూ వచ్చింది. అవ్వ పోయేదాకా ఒక్క రాత్రి కూడ నడుం వాల్చలె.

ఆ రాత్రి నా కాలు పట్టి గుంజింది ఎవరో నాకిప్పటికీ సమజ్ కాదు. లేవనిది మాత్రం నేనే.