అత్తమ్మ తెచ్చిన రెండో సంచి

మా అమ్మాయి వాళ్లు వచ్చే నెలలో ఓడ ప్రయాణానికి టికెట్లు తీసుకున్నారు. నాలుగు రోజులు తిండీ నిద్రా సముద్రం మీదే. నన్నూ రమ్మన్నారు. అందరికీ సంబరంగానే ఉంది గానీ, పద్నాలుగేళ్ల మనుమరాలు మాత్రం గది తలుపు వేసుకుని కూర్చుంది. అక్కడ తనకు తెలిసినవాళ్లు ఎవరూ ఉండరట. ఆ వయసు పిల్లలకు ఓడలో వేరే గది ఉందనీ, ఆటలు ఆడించి ఒకరినొకరికి పరిచయం చేయడానికి మనుషులను కూడా పెట్టారనీ వాళ్లమ్మ తలుపు బయట నిలబడి కాగితం చదివి వినిపిస్తోంది. నాకు నవ్వొచ్చింది. నా పద్నాలుగో ఏట కడెం ప్రాజెక్టు నీళ్ల మీద ఆ పనంతా మా అత్తమ్మ ఒక్కతే చేసింది, అదీ నా పరువు తీసి.

అత్తమ్మ అంటే బాపుకు, అంటే మా నాన్నకు, అక్క. సుల్తానాబాద్‌లో ఆమె ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒక్క గోడే. ఆమెకు పిల్లలు లేరు, మామయ్య వడ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగేవాడు, అందుకని నేను ఎక్కువగా ఆ గోడకు అవతలే పెరిగాను. ఆమె మహా మాటకారి. బస్సెక్కితే పెద్దపల్లి వచ్చేలోపు పక్కసీటామె కోడలిది ఏ ఊరో కూడా కనుక్కునేది. డెబ్బైల చివర్లో బాపుకు నిర్మల్ బదిలీ అయింది. నేను అక్కడి బడిలో తొమ్మిదో తరగతిలో చేరాను. తరగతిలో ఆడపిల్లలంతా ఒకటో తరగతి నుంచీ జట్లు కట్టుకున్నవాళ్లు. మధ్యలో వచ్చిన నాకు ఏ జట్టులోనూ చోటు లేదు. మధ్యాహ్నం టిఫిను డబ్బా పట్టుకుని ఎటు పోవాలో తెలియక బోరింగు దగ్గర నిలబడి తినేదాన్ని. ఈ సంగతి కన్నతల్లి, మా అవ్వకు కూడా చెప్పలేదు, అత్తమ్మకు మాత్రం ఉత్తరంలో రాశాను. ఇంట్లోనేమో సుల్తానాబాద్ వెళ్లి అత్తమ్మ దగ్గరే చదువుకుంటానని మొండికేశాను.

కార్తీకంలో అత్తమ్మ రెండు సంచులతో దిగింది. ఒకదాంట్లో ఆమె చీరలు, మాకోసం చేసిన అరిసెలు. రెండోది ఖాళీ. అది నా బట్టలకేనని నాకు వెంటనే తెలిసిపోయింది. సంతోషంతో లంగాలు మడతపెట్టడం కూడా మొదలుపెట్టాను. బాపు అది చూసి, "ఆదివారం అందరం పడవల పోయొద్దాం. అప్పటికీ నీది గదే మాటైతే అక్కతోని పంపిస్త" అన్నాడు.

ఆదివారం బాపు ఆఫీసు కుటుంబాలన్నీ కడెం వెళ్లాయి. అవతలి ఒడ్డున అడవి అంచున వనభోజనాలు. చేపలు పట్టేవాళ్ల పెద్ద పడవ ఒకటి మాట్లాడారు. ఇరవై మందిమి, వంటగిన్నెలు, బియ్యం మూట, చాపలు. పిల్లలందరూ ముందువైపు గుంపుగా చేరి అరుస్తున్నారు. నేను అవ్వ పక్కన. ఆ గుంపులో చేరని పిల్ల ఇంకొకతే ఉంది. బాపు వాళ్ల పెద్దసారు బిడ్డ. మా తరగతే, మొదటి బెంచీ, జడలకు ఇస్త్రీ చేసిన రిబ్బన్లు, ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడదు. పొగరుబోతని నేను ఎప్పుడో తీర్మానించుకున్నాను.

పడవ నీళ్ల నడిమికి రాగానే అత్తమ్మ లేచి నిలబడింది. పడవ ఇటూ అటూ ఊగింది. పడవాయన "కూసోవమ్మా" అని మొత్తుకున్నాడు.

"ఒక్క మాట చెప్పి కూసుంట" అని అత్తమ్మ గొంతు సవరించుకుంది. "గీ పిల్ల మా తమ్ముని బిడ్డ. మీ ఊరికొచ్చి ఐదు నెలలాయె, ఒక్క సోపతి గూడ దొరకలే. బోరింగు కాడ ఒక్కతే నిలవడి తింటదట. జర మీ పిల్లలను మాట్లాడుమనుండ్రి."

పిల్లలు కిసుక్కున నవ్వారు. నీళ్లలో దూకుదామంటే నాకు ఈత రాదు. పడవ వెనక చివరకు పోయి గిన్నెల మధ్య మోకాళ్లలో తల పెట్టుకుని ఏడ్చాను. ఆమెను నమ్మి రాసుకున్న సంగతి ఇరవై మందిలో చాటిందని కోపం. కాసేపటికి ఎవరో వచ్చి పక్కన కూర్చున్నారు. అత్తమ్మే అనుకుని "పో" అన్నాను. పోలేదు. తలెత్తి చూస్తే పెద్దసారు బిడ్డ.

ఆ పిల్ల గిన్నె మూతకేసి చూస్తూ, "మా అవ్వ గట్ల ఎవ్వలకూ చెప్పలే" అంది.

"ఏమని?"

"నాకు గూడ ఎవ్వలు లేరని. బాపుకు భయపడి నాతోని ఎవ్వలు మాట్లాడరు. నేను క్లాసులనే కూసోని తింట."

ఆ తర్వాత పుల్లలు ఏరడం, పప్పు మాడ్చడం, తిట్లు తినడం, అన్నీ ఇద్దరం కలిసే. తిరుగు ప్రయాణంలో కాళ్లు నీళ్లలో పెట్టుకుని కూర్చుంటే ఆ పిల్ల చెప్పు ఒకటి జారిపోయింది. పడవాయన గడకర్రతో అందుకోబోయి దాన్ని ఇంకా దూరం నెట్టాడు. ఒక్క చెప్పుతో ఏం చేస్తావని రెండోదాన్ని నేనే విసిరేశాను. ఇద్దరం పొట్టలు పట్టుకుని నవ్వుతుంటే ముందువైపు పిల్లలు కూడా ఏమైందో చూద్దామని మా దగ్గరికి వచ్చేశారు. ఆ రోజు ఎంత సంతోషపడ్డానో ఇప్పటికీ గుర్తే.

మూడోనాడు పొద్దున అత్తమ్మ ప్రయాణమైంది. నేను బడికి తయారవుతున్నాను, మధ్యాహ్నం ఇద్దరం ఎక్కడ కూర్చుని తినాలా అని ఆలోచిస్తూ.

"అయితే నువ్వు వస్తలేవా బిడ్డా?" అంది.

"రాను అత్తమ్మా" అన్నాను, జడ అల్లుకుంటూనే.

"మంచిదే" అని, ఖాళీ సంచిని నాలుగు మడతలు పెట్టి చంకన పెట్టుకుని బస్టాండుకు వెళ్లింది. నేను గుమ్మం దాకా కూడా పోలేదు.

ఆ స్నేహితురాలు ఇప్పటికీ వారానికోసారి ఫోన్ చేస్తుంది. ఓడ సంగతి చెబితే, చెప్పులు జాగ్రత్త అంది. ఫోన్ పెట్టేశాక ఆ సంచి గుర్తొచ్చింది. ఆ రోజు పడవలో అత్తమ్మ నోరు మూసుకుని కూర్చుంటే చాలు, నేను ఆమె వెంట వెళ్లిపోయేదాన్ని. నన్ను తీసుకుపోవడానికే సంచి తెచ్చుకున్న మనిషి, నేను రాకుండా ఉండే పని తానే చేసి, దాన్ని ఖాళీగా మోసుకుపోయింది. ఆ మాట ఆమెతో అనాలని నాకు తోచడానికి నలభై ఏళ్లకు పైగా పట్టింది. అంతకాలం ఆమె బతకలేదు.