మైపాడులో నేర్చుకున్న ప్రశ్న

ఆత్మహత్యలను ఆపడం గురించి మైపాడులో ఒకరోజు శిక్షణ ఉందని, ఊరికొకరు రావాలని కబురొచ్చింది. బిట్రగుంటలో మా చర్చి స్త్రీల సమాజానికి కార్యదర్శిని నేనే కాబట్టి నన్ను పంపారు. నిజం చెప్పాలంటే, నాకు కొత్తగా నేర్పేదేముందిలే, సముద్రం చూసి చేపల పులుసు తిని వద్దామనుకునే బయలుదేరాను.

ఉదయం ఏడుంపావుకు ప్యాసింజర్ ఎక్కి ఎనిమిదిన్నరకు నెల్లూరులో దిగాను. స్టేషన్ బయట ఇడ్లీ తిని మైపాడు బస్సెక్కాను. అది ఊరూరా ఆగుతుంది. తొందరున్నవాళ్లు షేర్ ఆటో చూసుకోవడం మంచిది. రొయ్యల గుంటల దగ్గర పనిచేసే ఒకామె నా పక్కన కూర్చుంది. ఎందుకు వెళ్తున్నానో చెప్పాను. "అట్టాంటి మాటలు ఎత్తితేనే మనుషులకి లేనిపోని ఆలోచనలొస్తాయి గదక్కా," అంది. నేనూ తలూపాను.

పదింటికి శిక్షణ మొదలైంది. నేర్పింది ఒక నర్సమ్మ. చచ్చిపోవాలని ఉందా అని సూటిగా అడగాలట. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదట, లోపలి బరువు కాస్త దిగుతుందట. జంటలుగా కూర్చోబెట్టి ఒకరినొకరు అడగమంది. వీధినంతా నోటితో ఏలే మనిషిని, ఆ రెండు ముక్కలకు నా నోరు పెగల్లేదు.

ఒంటిగంటకు భోజనాలు. పులుసు రెండుసార్లు వేయించుకున్నాను. తర్వాత నర్సమ్మ గుర్తులు చెప్పసాగింది. నిద్ర పట్టకపోవడం, నలుగురిలో కలవకపోవడం, ప్రాణంగా చూసుకున్న వస్తువులు ఉన్నట్టుండి ఇచ్చేయడం.

ఆ చివరి గుర్తు నేను కళ్లారా చూసిందే. పోయిన ఆదివారమే మా చర్చిలో కోతల పండుగ. అందరూ గుమ్మడికాయలు, కోళ్లు, వడ్ల బస్తాలు కానుకగా తెచ్చారు. మా వీధి కృపమ్మ తన కుట్టు మిషన్ తెచ్చి పెట్టింది. భర్త పోయాక ఆమెకు కూడు పెట్టేది అదొక్కటే. నేను మైకు పట్టుకుని, "చూడండి మన కృపమ్మ విశ్వాసం, గట్టిగా చప్పట్లు కొట్టండి," అన్నాను. చర్చి మారుమోగింది. ఛీ, నాదీ ఒక బుద్ధేనా!

వెంటనే నర్సమ్మకు చెప్పాను. "ఇప్పుడే ఫోన్ చెయ్యమ్మా. ఒంటరిగా ఉండనీయొద్దు," అంది. కృపమ్మ ఎత్తలేదు. ఆమె పక్కింటి సుశీలకు చేసి, వెంటనే వెళ్లి దగ్గరుండమన్నాను. రెండుంపావుకు బస్సు దొరికింది. దారిలో ఏం చూశానో ఒక్కటీ గుర్తులేదు. నెల్లూరు చేరేలోపు సుశీల ఫోన్ చేసింది. "ఇంట్లోనే ఉందక్కా. నవ్వతానే ఉండాది, నువ్వెందుకు భయపడతా ఉండావో," అంది. మిషన్ తెచ్చిన రోజూ కృపమ్మ అలాగే నవ్వింది. ఆ నవ్వు సంగతి విన్నాక నాకు ఇంకా భయమేసింది.

నాలుగింటి రైల్లో పెట్టె కిక్కిరిసి ఉంది. నా ఎదుట ఒక పెద్దాయన వక్కాకు నములుతూ కూర్చున్నాడు. మళ్లీ సుశీలకు చేసి, కృపమ్మకు ఇమ్మన్నాను.

"ఏందక్కా, శిక్షణ బాగుండిందా?" అంది కృపమ్మ.

కళ్లు మూసుకుని అడిగేశాను. "కృపా, నీకు చచ్చిపోవాలని ఉందా?"

పెద్దాయన నమలడం ఆపి నన్నే చూశాడు.

"ఉందక్కా," అంది కృపమ్మ. "మిషన్ తెచ్చిన పొద్దే అడుగుతావనుకున్నా. నువ్వు చప్పట్లు కొట్టించినావు."

తప్పయిందమ్మా అన్నాను. ఫోన్ పెట్టేయొద్దని, సుశీల చెయ్యి వదలొద్దని, రైలు దిగగానే ముగ్గురం డాక్టరు దగ్గరికి పోదామని చెప్పాను. సరేనంది. తర్వాత తనే మెల్లగా మొదలుపెట్టింది. బిట్రగుంట వచ్చేదాకా ఆమె చెబుతూనే ఉంది. పదేళ్లుగా ఒకే వీధిలో ఉంటున్నాం. నేను నోరు మూసుకుని ఆమె మాట వినడం అదే మొదలు.